హిట్లర్ సంతకం జేబులో, గొంతు రేడియోలో: మీ ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో పాత ఒలింపిక్స్ ముచ్చట్లు రాస్తూ హాన్ హోలాండర్ అనే డచ్ కామెంటేటర్ గురించి ఒకే ఒక్క వాక్యం రాసి వదిలేశాం: బెర్లిన్ ఒలింపిక్స్‌కి వెళ్లి, హిట్లర్ సంతకంతో ప్రశంసాపత్రం అందుకుని, చివరికి అదే హిట్లర్ మనుషుల చేతిలో చనిపోయిన యూదుడు అని. ఆ ఒక్క వాక్యానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని మేం అనుకోలేదు. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నుంచే ఎక్కువ వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆయనకీ రేడియోకీ ఇచ్చేస్తున్నాం. ఎప్పుడూ అడిగే జాతకాల ప్రశ్నలు వచ్చే నెలకి.

ప్రశ్న: సార్, నేను తిరుపతిలో జర్నలిజం చదువుతున్నాను. మీరు రాసిన హిట్లర్ సంతకం కథ నిజమేనా, లేకపోతే వాట్సాప్‌లో తిరిగే టైపు కథా? ఆయన అసలు ఎవరు, ఏం చేసేవాడు? కాస్త వివరంగా చెప్పండి.
– కె., తిరుపతి

జవాబు: నిజమేనమ్మా. కానీ ఆ కాగితం దగ్గరే మొదలుపెడితే కాగితమే గుర్తుంటుంది, మనిషి పక్కకి పోతాడు. కాబట్టి వెనక నుంచి వస్తా.

హోలాండర్ 1886 అక్టోబర్ 5న నెదర్లాండ్స్ తూర్పు వైపున్న డెవెంటర్ అనే ఊళ్లో పుట్టాడు. పత్రికల్లో ఆటల వార్తలు రాసేవాడు. అప్పట్లో మ్యాచ్ ఏమైందో తెలియాలంటే మైదానానికి వెళ్లి చూడాలి, లేదంటే మర్నాడు పేపర్ వచ్చేదాకా ఆగాలి. రేడియో వచ్చింది కానీ పాటలు, ప్రసంగాలు, చర్చి ప్రార్థనలు, అంతే. 1928 మార్చి 11న ఆమ్‌స్టర్‌డామ్‌లో నెదర్లాండ్స్‌కీ బెల్జియంకీ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. పక్కింటి దేశాలు, 1905 నుంచి ఒకరితో ఒకరు ఆడుతూనే ఉన్నారు, ఆ మ్యాచ్ అంటే అక్కడ పండగ. ఆవ్రో అనే ప్రసార సంస్థ ఆ రోజు హోలాండర్‌ని మైకు ముందు నిలబెట్టి, జరుగుతున్న ఆటని జరుగుతున్నట్టే దేశానికి వినిపించింది. డచ్ రేడియోలో ఫుట్‌బాల్ ప్రత్యక్ష వ్యాఖ్యానం అదే మొదలు. అప్పటికి ఆయన వయసు 41. ఇవాళ ఆ వయసు మనిషి వాయిస్ టెస్ట్‌కి వెళితే మన చానెళ్ల వాళ్లు కుర్చీ వేసి కాఫీ ఇచ్చి పంపేస్తారు, అది వేరే సంగతి.

అక్కడి నుంచి పన్నెండేళ్లు ఆ దేశంలో పెద్ద మ్యాచ్ అంటే ఆయన గొంతే. ముఖం తెలియకపోయినా గొంతు తెలుసు. రేడియో సెట్టు అందరూ కొనగలిగే వస్తువు కాదు కాబట్టి, ఉన్నవాడి ఇంట్లో లేనివాళ్లు చేరేవాళ్లు. మన ఊళ్లల్లో పంచాయతీ రేడియో ముందు కూర్చున్న తరం వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు 1936. బెర్లిన్ ఒలింపిక్స్. హిట్లర్ అధికారంలోకి వచ్చి మూడేళ్లు, యూదుల పౌరసత్వం లాగేసుకున్న న్యూరెంబర్గ్ చట్టాలు వచ్చి ఏడాది కూడా నిండలేదు. ఆటలకి ప్రపంచమంతా వస్తోందని బెర్లిన్ వీధుల్లో ‘యూదులకు ప్రవేశం లేదు’ లాంటి బోర్డులు కొన్నాళ్లపాటు పీకించారు. రేడియోకి మాత్రం ఖర్చు చూసుకోలేదు, 28 భాషల్లో ప్రసారాలు నడిచాయి. పరదేశం నుంచి వచ్చిన రేడియో వాళ్లకి రాజమర్యాదలు. వచ్చిన ప్రతివాడూ ఇంటికెళ్లి మంచిగా చెప్పాలన్నదే లెక్క. డచ్ శ్రోతలకి ఆ ఆటలు వినిపించింది హోలాండరే. పదిహేడేళ్ల రాటర్‌డామ్ అమ్మాయి రీ మాస్టెన్‌బ్రూక్ ఈతలో మూడు స్వర్ణాలు, ఒక రజతం కొట్టింది కూడా ఆ ఆటల్లోనే, కాబట్టి అక్కడి ఇళ్లలో రేడియో ఎంత మోగి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ ఒలింపిక్స్ ప్రసారాలని మెచ్చుకుంటూ హిట్లర్ సంతకంతో ఆయనకి ఒక ప్రశంసాపత్రం వచ్చింది. ఆ ఆటలకి పనికొచ్చిన వాళ్లకి నాజీలు పతకాలూ పత్రాలూ ధారాళంగానే పంచారు. పెళ్లిలో తాంబూలాల సంచి పట్టుకెళ్లిన ప్రతివాడూ పెళ్లికొడుకు బంధువేం కాదు కదా.

1940 మే 10న జర్మన్ సైన్యం నెదర్లాండ్స్ మీద పడింది. అయిదు రోజుల్లో దేశం లొంగిపోయింది. అదే నెలలో ఆవ్రో తన యూదు ఉద్యోగులని ఇంటికి పంపేసింది, హోలాండర్‌తో సహా. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఎందుకంటే జర్నలిజం చదివేవాళ్లు గుర్తుపెట్టుకోవలసింది సంతకం కథ కాదు, ఇది. ‘వీళ్లని తీసేయండి’ అని జర్మన్లు అప్పటికి ఇంకా అడగలేదు. ఆవ్రో యాజమాన్యమే ముందుగా చేసి చూపించింది, కొత్త యజమానికి మన మీద మంచి అభిప్రాయం ఉండాలి కదా అన్నట్టు. పన్నెండేళ్లు ఎవరి గొంతుతో జనాన్ని పోగుచేసుకున్నారో ఆ గొంతుని రాత్రికి రాత్రి ఆపేశారు.

ఆ తర్వాత మూడేళ్లు ఆంక్ష మీద ఆంక్ష. ఉద్యోగాలు, పార్కులు, ట్రాములు, సినిమా హాళ్లు ఒక్కొక్కటీ మూసుకుపోయాయి. 1942 మే నుంచి బట్టల మీద పసుపు నక్షత్రం. తన దగ్గర ఆ కాగితం ఉంది కాబట్టి తన జోలికి రారని హోలాండర్ నమ్మాడు. 1943లో ఆయన్నీ భార్య లీంట్యెనీ, యూదులని పోగేసి రైళ్లెక్కించే వెస్టర్‌బోర్క్ శిబిరానికి చేర్చారు, అది నెదర్లాండ్స్‌లోనే ఉంది. అక్కడి నుంచి పోలండ్‌లోని సోబిబోర్ అనే చావు శిబిరానికి. జూలై 9న అక్కడ ఇద్దరినీ చంపేశారు. ఆయనకి 56 ఏళ్లు.

ప్రశ్న: అంత పేరున్న మనిషి, నలుగురితో పరిచయాలున్న మనిషి, పారిపోకుండా కాగితాన్ని నమ్ముకుని కూర్చోవడం ఏమిటండీ? చదువుకున్నవాడు కూడా ఇంత అమాయకంగా ఉంటాడా?
– ఎం. ఆర్., చిత్తూరు

జవాబు: అమాయకుడు అనేయడం మనకి తేలిక సార్, మనకి 1943 తర్వాత ఏం జరిగిందో తెలుసు కాబట్టి.

మ్యాప్ తీసి చూడండి. నెదర్లాండ్స్‌కి ఒక వైపు సముద్రం, ఒక వైపు జర్మనీ, కింద బెల్జియం, అదీ జర్మన్ల చేతిలోనే. దాక్కోవడానికి కొండలు లేవు, మన శేషాచలం లాంటి అడవి అసలే లేదు. అంతా చదునైన నేల, కాలవలు, ఊరు ఊరునీ కలిపే రోడ్లు, ఇంటింటికీ పక్కాగా రాసిపెట్టిన రిజిస్టర్లు. దాక్కోవాలంటే దాచేవాడు కావాలి, దాచేవాడికి ధైర్యం, డబ్బు, తిండి కూపన్లు కావాలి. ముఖం తెలియని మనిషైతే ఎక్కడో అటక మీద మౌనంగా ఉండిపోవచ్చు. నోరు తెరిస్తే వీధంతా గుర్తుపట్టే గొంతు ఉన్నవాడి సంగతి ఏమిటి?

ఇంకొకటి. శిబిరంలో కాగితానికి నిజంగానే విలువ ఉండేది, అదే మోసం. వెస్టర్‌బోర్క్ నుంచి సాధారణంగా మంగళవారం మంగళవారం రైలు బయలుదేరేది. ముందు రాత్రి పేర్ల జాబితా చదివేవాళ్లు. ఆ జాబితాలో పేరు లేకుండా ఉండటానికి రకరకాల మినహాయింపు ముద్రలు ఉండేవి. యుద్ధానికి పనికొచ్చే పనివాడని, ఫలానా సంఘం ఉద్యోగి అని, విదేశీ పౌరసత్వం ఉందని. ఒక ముద్ర కొన్ని వారాలు పనిచేస్తుంది, తర్వాత ఆ ముద్ర చెల్లదంటారు, ఇంకో ముద్ర కోసం పరుగు. అందరూ ఏదో ఒక కాగితం పట్టుకునే ఉన్నారు. హోలాండర్ దగ్గరున్న కాగితం మీద సాక్షాత్తు హిట్లర్ సంతకమే ఉంది, నమ్మడా మరి?

అంకెలు చెప్తా, మీరే చూసుకోండి. వెస్టర్‌బోర్క్ మీదుగా పంపిన వాళ్లు దాదాపు 1,07,000 మంది. తిరిగొచ్చింది దాదాపు 5,000. సోబిబోర్‌కి 1943 మార్చి నుంచి జూలై దాకా 19 రైళ్లలో 34,313 మందిని పంపితే బతికి బయటపడ్డవాళ్లు 18 మంది. పద్దెనిమిది వేలు కాదు సార్, పద్దెనిమిది. అక్కడ దిగినవాళ్లని చాలామటుకు ఆ రోజే చంపేసేవాళ్లు, ఎవరి జేబులో ఏ సర్టిఫికెట్ ఉందో అడిగే పని కూడా పెట్టుకోలేదు.

అవతలి పక్క చూడాలంటే టీనుస్ ఒసెన్‌డార్ప్ అనే పేరు గుర్తుపెట్టుకోండి. అదే బెర్లిన్ ఒలింపిక్స్‌లో నూరు మీటర్లు, రెండు వందల మీటర్లు రెండింట్లోనూ జెస్సీ ఓవెన్స్ గెలిస్తే మూడో స్థానంలో వచ్చిన డచ్ పరుగువీరుడు. ఆక్రమణ వచ్చాక ఇతగాడు డచ్ నాజీల్లో చేరి జర్మన్ పోలీసు పనికి దిగాడు, యూదులనీ ప్రతిఘటన వాళ్లనీ పట్టించాడు. యుద్ధం అయ్యాక పన్నెండేళ్ల శిక్ష పడింది. ఒకే మైదానంలో ఒకడు పరిగెత్తాడు, ఒకడు మాట్లాడాడు. తర్వాత ఎవరు ఎటు పోయారో చూశారుగా.

ప్రశ్న: మా నాన్నగారు గరుడసేవ నాడు రేడియో పక్కన కూర్చుని వ్యాఖ్యానం వింటూ దండం పెట్టుకునేవారు. ఆయన మాటల్లోనే మాకు స్వామి కనపడేవాడు. బొమ్మ లేకుండా గొంతుతో చూపించడం ఎలా సాధ్యం? ఆ డచ్చాయన కాలంలో ఎలా చేసేవాళ్లు?
– ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: అమ్మా, ఈ ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న మీదే.

రేడియోలో వినేవాడికి ముందు కావలసింది ఉద్వేగం కాదు, చోటు. ఎక్కడుంది? ఎటు పోతోంది? గరుడ వాహనమే తీసుకోండి. వాహన మండపం దగ్గర బయలుదేరిందా, మాడవీధి మూల తిరిగిందా, హారతి ఏ గ్యాలరీ ముందు ఇస్తున్నారు, మకరకంఠి కనపడేంత దగ్గరికి వచ్చిందా అన్నది వరసగా చెబితే మీ నాన్నగారి కళ్ల ముందు ఆ నాలుగు వీధులూ పరుచుకుంటాయి. అది చెప్పకుండా ‘ఆహా ఏమి వైభవం, ఏమి భాగ్యం’ అని అరగంట ఊగిపోతే వినేవాడికి స్వామి దారి తప్పిపోతాడు. భద్రాచలం కల్యాణం చెప్పిన ఉషశ్రీ గారిని ఇన్నేళ్లకీ ఎందుకు తలుచుకుంటాం? గొంతు గంభీరం, నిజమే. కానీ ఆ గొంతు మనల్ని మండపంలో ఒక చోట కూర్చోబెట్టి, అక్కడి నుంచి కదలనిచ్చేది కాదు.

ఫుట్‌బాల్‌లో ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఇరవై ఇద్దరు మనుషులు, ఒక బంతి, ఎవడూ ఒక చోట నిలవడు. 1927 జనవరి 22న బీబీసీ వాళ్లు లండన్‌లో ఆర్సెనల్, షెఫీల్డ్ యునైటెడ్ మ్యాచ్‌ని మొదటిసారి వినిపించినప్పుడు ఈ టెన్షన్‌తోనే మైదానం బొమ్మని చదరాలుగా విడగొట్టి, నంబర్లు వేసి, తమ రేడియో పత్రికలో ముందే అచ్చు వేశారు. వినేవాడు ఆ కాగితం ఒళ్లో పెట్టుకోవాలి. ఒకాయన ఆట చెబుతుంటే పక్కనే ఇంకొకాయన ‘మూడు’, ‘అయిదు’ అంటూ బంతి ఉన్న చదరం నంబరు పలుకుతుండేవాడు. వింటుంటే హౌసీ ఆడుతున్నట్టు ఉండి ఉంటుంది. ఆ పద్ధతి తర్వాత మూలన పడింది. మనిషి గొంతే ఆ పని చేయగలదని తేలింది. బంతి గోల్ వైపు పోతుంటే గొంతు పైకి, మధ్యలో ఆగితే కిందికి, జనం అరిస్తే ఒక్క క్షణం నోరు మూసుకోవడం. ఈ మూడూ తెలిసిన మొదటి తరం మనిషి హోలాండర్, ఆయన దేశానికి సంబంధించినంత వరకూ. నేర్పేవాళ్లు లేరు, అంతకుముందు ఎవరూ చేసింది లేదు, తప్పు పోతే వెనక్కి తిప్పి మళ్లీ చెప్పే టేపు లేదు.

మన పుత్తూరు, నగరి వైపు పాతవాళ్లని అడగండి, సంక్రాంతి రోజుల్లో చెపాక్ టెస్టు మద్రాసు స్టేషన్ నుంచి తమిళంలో వినేవాళ్లు. సగం మాటలు అర్థం కాకపోయినా వికెట్ పడిందో ఫోర్ పోయిందో గొంతు ఎత్తుని బట్టే చెప్పేసేవాళ్లు.

ప్రశ్న: 1928లో మన హాకీ జట్టు మొదటి స్వర్ణం గెలిచింది ఆమ్‌స్టర్‌డామ్‌లోనే అని విన్నా. నిజమేనా?
– పి., పీలేరు

జవాబు: నిజమే. మే 26న ఫైనల్లో ఓడింది ఆతిథ్య దేశం నెదర్లాండ్సే, 3-0. టోర్నీ మొత్తంలో మన మీద ఒక్క గోల్ కూడా పడలేదు. మనం కొట్టినవి 29, అందులో ధ్యాన్‌చంద్‌వే 14. ఎనిమిదేళ్ల తర్వాత బెర్లిన్‌లో జర్మనీని 8-1తో కొట్టింది ఆగస్టు 15న. అప్పటికి ఆ తేదీకి మనకింకా వేరే అర్థం లేదు.

ప్రశ్న: రేడియో వాళ్లంతా ఆవ్రో లాగే తలవంచారా? ఎదురు తిరిగినవాళ్లు ఒక్కరైనా లేరా? చదువుతుంటే మనసు పాడైంది సార్.
– జి., శ్రీకాళహస్తి

జవాబు: ఉన్నారు. ఎదురు గొంతు లండన్ నుంచి వచ్చింది. డచ్ రాణి విల్హెల్మినా, మంత్రులు సముద్రం దాటి అక్కడికి చేరాక 1940 జూలై 28న బీబీసీ ద్వారా రేడియో ఒరాన్యె మొదలైంది. రోజుకి పావుగంట. తొలి రోజు మాట్లాడింది రాణే. వినడం నేరం, అయినా విన్నారు. చివరికి 1943 మేలో జర్మన్లు రేడియో సెట్లే తెచ్చి ఇచ్చేయమన్నారు. చాలామంది పాడైన పాత సెట్టు ఇచ్చి మంచిది అటక మీదో నేల కిందో దాచుకున్నారు. దేశం ఏదైనా జనం జనమే.

ఆ లండన్ రేడియోలో పనిచేసిన వాళ్లలో లూ డి యోంగ్ అని ఒక కుర్రవాడు. 1914లో పుట్టాడు, చరిత్ర చదివాడు, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక వారపత్రికలో విదేశీ వార్తలు చూసేవాడు. ఈయనా యూదుడే. 1940 మే 14న, అంటే లొంగుబాటుకి సరిగ్గా ముందు, భార్యతో కలిసి ఒక ఓడ ఎక్కగలిగాడు. తల్లిదండ్రులు, కవల సోదరుడు వెనక ఉండిపోయారు. యుద్ధం అయ్యేసరికి వాళ్లెవరూ లేరు. ఆయన మాత్రం మళ్లీ ఆమ్‌స్టర్‌డామ్ వచ్చి, యుద్ధకాలం పత్రాలు సేకరించే ప్రభుత్వ సంస్థకి డైరెక్టరై, ఆ ఆక్రమణ చరిత్ర రాయడమే జీవితంగా పెట్టుకుని 2005 దాకా బతికాడు. 1960ల్లో టీవీలో ఆయన ఆ చరిత్ర చెబుతుంటే వీధులు ఖాళీ అయ్యేవంటారు, మనకి ఆదివారం పొద్దున రామాయణం సీరియల్ వచ్చినప్పటి లాగా.

ఆనీ ఫ్రాంక్ పేరు మీకు తెలిసే ఉంటుంది. 1944 మార్చి 28న డచ్ మంత్రి బోల్కెస్టైన్ ఈ రేడియో ఒరాన్యెలోనే ‘మీ డైరీలు, ఉత్తరాలు దాచండి, రేపు చరిత్రకి అవే ఆధారం’ అన్న అర్థంలో మాట్లాడాడు. దాక్కున్న ఇంట్లో ఆ అమ్మాయి అది విని, అచ్చు వేయడానికి పనికొచ్చేలా డైరీని తిరగరాయడం మొదలుపెట్టింది. వెస్టర్‌బోర్క్‌లోనే ఫిలిప్ మెఖానికస్ అనే పేరున్న పాత్రికేయుడు ఖైదీగా ఉంటూ పాఠశాల నోటుపుస్తకాల్లో రోజువారీ రాసుకున్నాడు. మంగళవారం రైలు, ముందు రాత్రి పేర్లు చదవడం, ముద్రల కోసం పరుగులు, ఇవన్నీ ఇంత వివరంగా ఇవాళ మనకి తెలుస్తున్నాయంటే అందులో ఆయన పుణ్యం చాలా ఉంది. ఆయన్ని 1944లో ఆష్విట్జ్‌లో చంపేశారు. నోటుపుస్తకాలు బయటపడ్డాయి.

ప్రశ్న: మా తాతయ్య పాత ఫిలిప్స్ రేడియో మదనపల్లె ఇంట్లో ఇంకా ఉంది. దాని అద్దం మీద ఊళ్ల పేర్ల మధ్య హిల్వర్సమ్ అని ఉంది. అదేం ఊరు? ఆయన షార్ట్‌వేవ్‌లో నెదర్లాండ్స్ రేడియో పట్టేవారట, ఇప్పుడు ఎందుకు రాదు?
– ఎస్., మదనపల్లె

జవాబు: ఆవ్రోతో పాటు కాథలిక్కులది, ప్రొటెస్టెంట్లది, సోషలిస్టులది, ఇలా ఎవరి మతానికి, ఎవరి పార్టీకి తగ్గ రేడియో సంస్థ వాళ్లు పెట్టుకుని, అందరూ స్టూడియోలు కట్టుకున్న ఊరు హిల్వర్సమ్. ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే. అందుకే యూరప్ రేడియో అద్దాల మీద ఆ చిన్న ఊరు లండన్, పారిస్ పక్కన కూర్చుంది. ఫిలిప్స్ కూడా డచ్ కంపెనీయే, ఐండ్‌హోవెన్‌ది. 1927లోనే వాళ్లు షార్ట్‌వేవ్‌లో ప్రసారాలు చేసి ఆసియా దాకా వినిపించారు.

తాతయ్యగారు పట్టింది రేడియో నెదర్లాండ్స్ అయి ఉంటుంది. మడగాస్కర్‌లో వాళ్ల ప్రసార కేంద్రం ఉండేది కాబట్టి మన వైపుకి సిగ్నల్ బాగా వచ్చేది. వాళ్లకి ‘ఇన్ని గంటలకి, ఈ ఫ్రీక్వెన్సీలో, ఇంత స్పష్టంగా వినపడింది’ అని ఉత్తరం రాస్తే రంగుల కార్డు పోస్టులో వచ్చేది. ఇంట్లో పాత ట్రంకుపెట్టెలు వెతకండి, దొరికితే పారేయకండి. ప్రభుత్వం నిధులు కోసేయడంతో 2012లో ఆ రేడియో ప్రసారాలు ఆగిపోయాయి. సెట్టు మాత్రం అమ్మకండి. వాల్వు సెట్టయితే ఏళ్లుగా వాడనిదాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టకండి, లోపలి కెపాసిటర్లు పేలతాయి. తెలిసిన మెకానిక్‌కి ముందు చూపించండి.

ప్రశ్న: నాకు కామెంటేటర్ అవ్వాలని ఉంది. ఇంట్లో నవ్వుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఇంటర్ విద్యార్థి, పలమనేరు

జవాబు: నవ్వనీ. మీ ఊళ్లో సంక్రాంతికి కబడ్డీ పోటీలు జరుగుతాయి కదా, అక్కడ మైకు ఎప్పుడూ ఎవడో ఒకడు వదిలేసి టీకి పోతుంటాడు, అది పట్టుకో. అది కుదిరేదాకా ఫోన్‌లో మ్యాచ్ పెట్టి, సౌండ్ మ్యూట్ చేసి, నువ్వు చెబుతూ రికార్డు చెయ్. తర్వాత కళ్లు మూసుకుని విను. రైడర్ కోర్టులో ఏ మూలన ఉన్నాడో నీ మాటల్లో నీకే తెలియకపోతే ఇంకా పని ఉన్నట్టే. పేర్లు ముందే రాసుకో, జెర్సీ నంబర్లు బట్టీ పట్టు. ఇంకా, అరవడం తగ్గించు. ఆకాశవాణి తిరుపతి వాళ్లు క్యాజువల్ అనౌన్సర్ల కోసం అప్పుడప్పుడు ఆడిషన్లకి పిలుస్తుంటారు, డిగ్రీ అయ్యేలోపు ఆ ప్రకటనల మీద ఓ కన్నేసి ఉంచు.